బడి తోట: నేల మడులా, సంచులా, పందిరా, చెట్లా?

బడిలో తోట పెడదామనుకోగానే అందరూ అడిగేది "జాగా ఎక్కడుంది?" అని. ముందు అడగాల్సింది "ఎండాకాలం సెలవుల్లో నీళ్లెవరు పోస్తారు?" అని. ఏప్రిల్ చివరి వారంలో బడి మూస్తే మళ్లీ తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. ఆ ఏడు వారాలూ రోజూ నీళ్లు అడిగే తోట ఒకటి, వారానికి రెండుసార్లు తడిపితే బతికే తోట ఒకటి, అసలు ఆ వారాల ఊసే లేని తోట ఇంకొకటి. మీ బడికి ఏది నప్పుతుందో సగం ఇక్కడే తేలిపోతుంది.

2019లో కేంద్రం బడుల్లో పోషక తోటలకు మార్గదర్శకాలు ఇచ్చింది. జాగా లేకపోతే కుండల్లో, డబ్బాల్లో, డాబా మీదైనా పెంచవచ్చని అందులోనే ఉంది. కాబట్టి "మాకు స్థలం లేదు" అన్నది ఇప్పుడు సాకు కిందే లెక్క. ఏ పద్ధతి అన్నదే తేల్చుకోవాలి.

ముందుగా చూసుకోవలసినవి

నీళ్లు. మార్చి ఎండల్లో ఆకుకూర మడికి చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్ల దాకా కావాలి. చలికాలంలో 3 లీటర్లు చాలు. మీ బోరు, చేతి పంపు, ట్యాంకు మార్చి నెలలో ఎంత ఇస్తాయన్నది చూడండి. ఆగస్టులో ఎంత ఇస్తాయన్నది లెక్కలోకి రాదు.

ఎండ. ఆకుకూరలకు రోజుకు నాలుగు గంటల నేరుటెండ చాలు. బెండ, వంగ, టమాటాకు ఆరు గంటలు ఉండాలి. వేపచెట్టు కింద మడి తవ్వితే నీడ ఒక బాధ, వేళ్లు తేమను లాగేయడం ఇంకో బాధ.

నేల. నల్లరేగడిలో వానాకాలం నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి, అక్కడ మడిని 15–20 సెంటీమీటర్లు ఎత్తు చేయాలి. తెలంగాణ చల్క నేలల్లో నీళ్లు గంటలో ఇంకిపోతాయి, అక్కడ మడిని దారి కన్నా కాస్త లోతుగా ఉంచాలి. ఈ రెండూ తారుమారు చేసి తోటను పోగొట్టుకున్న బళ్లకు కొదవ లేదు.

కోతులు, మేకలు, పందులు. ప్రహరీ ఉంటే మేకలు ఆగుతాయి, కోతులు ఆగవు. కోతుల గుంపు తిరిగే ఊళ్లో టమాటా, బెండ, సొర మీద ఆశ పెట్టుకోకండి. పుదీనా, కరివేపాకు, గోంగూర కాయగూరల కన్నా మెరుగ్గా నిలుస్తాయి.

వంటకు ఎంత వస్తుందన్నది చివరిది. ఎక్కువమంది లెక్క తప్పేదీ ఇక్కడే.

ఒక్కసారి లెక్క వేద్దాం

పీఎం పోషణ్ నిబంధన ప్రకారం మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు 50 గ్రాములు, 6 నుంచి 8 తరగతుల వాళ్లకు 75 గ్రాముల కూరగాయలు పడాలి. 60 మంది ఉన్న ప్రాథమిక పాఠశాలకు రోజుకు 3 కిలోలు. 200 మంది ఉన్న ప్రాథమికోన్నత పాఠశాలకు 10 కిలోల పైమాటే.

ఇప్పుడు తోట వైపు చూడండి. మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు మడులు పన్నెండు అనుకుందాం. అన్నీ కలిపి 36 చదరపు మీటర్లు, సెంటు కన్నా కాస్త తక్కువ. వారానికి మూడు మడుల చొప్పున తోటకూర చల్లుతూ పోతే నాలుగు వారాల తర్వాత ప్రతి వారం మూడు మడులు కోతకు వస్తాయి. బాగా సాగిన మడిలో చదరపు మీటరుకు కిలో దాకా ఆకు వస్తుంది. పిల్లల చేతిలో తోట కాబట్టి సగమే అనుకోండి. వారానికి నాలుగున్నర కిలోలు. అంటే 60 మంది బడికి ఒక పూట పప్పుకు సరిపోను మరికొంత మిగులు.

ఇంత శ్రమకు ఒక పూటేనా అనిపించవచ్చు. తోటతో కూరగాయల ఖర్చు తప్పుతుందని ఎవరైనా కమిటీకి చెబితే నమ్మకండి. తోట పెట్టేది పిల్లవాడు తాను చల్లిన గింజ కంచంలోకి రావడం చూడటానికి, రోజూ పక్కకు నెట్టే ఆకును ఆ ఒక్కరోజు అడిగి వేయించుకోవడానికి. ఆ కొలతతో చూస్తే వారానికి ఒక పూట చాలా ఎక్కువ.

పక్కపక్కన పెడితే

| | నేల మడులు | సంచులు | పందిరి పాదులు | చెట్లు | మొలకల జాడీలు |
|---|---|---|---|---|---|
| మొదటి కోత | తోటకూర 25–30 రోజులు, బెండ 45–50 | ఆకుకూరలకు మడుల్లాగే | బీర, సొర 55–70 రోజులు | మునగాకు 4 నెలలు, కాయ 6–8 నెలలు | 2 రోజులు |
| మార్చిలో నీళ్లు | చదరపు మీటరుకు రోజూ 5 లీటర్లు | సంచికి రోజూ 2 లీటర్లు | పాదుకు రోజు విడిచి రోజు 10 లీటర్లు | చెట్టుకు వారానికి రెండుసార్లు 15 లీటర్లు | కడిగేందుకు మాత్రమే |
| వేసవి సెలవుల్లో | ఖాళీ చేయాలి | ఖాళీ చేసి నీడకు చేర్చాలి | దొండ, బచ్చలి కొద్ది నీళ్లతో నిలుస్తాయి | నిలుస్తాయి | బెంగ లేదు |
| వంటకు | వారానికి ఒకటి రెండు పూటలు | తాలింపు, పచ్చడి మట్టుకు | కాపు నెలల్లో వారానికి ఒక పూట | కరివేపాకు రోజూ, మునగాకు వారం వారం | రుచి చూడటానికే |
| పిల్లల చేతికి పని | అన్నిటికన్నా ఎక్కువ | రోజూ కొంచెం | తక్కువే, పాఠం ఎక్కువ | చాలా తక్కువ | రెండు రోజుల్లో పూర్తి పాఠం |
| ముప్పు | కోతులు, మేకలు, కలుపు | ఎండిపోవడం, డాబా బరువు | పండు ఈగ, గాలివాన | గొంగళి పురుగులు | పులిసిపోవడం |

నేల మడులు

జాగా, నీళ్లు, ప్రహరీ మూడూ ఉన్న బడికి ఇంతకు మించింది లేదు. తవ్వడం, చల్లడం, కలుపు తీయడం, తూచడం అన్నీ పిల్లలు చేయగలిగినవే.

మడి వెడల్పు మీటరు దాటకూడదు. మూడు, నాలుగు తరగతుల పిల్లలైతే 75 సెంటీమీటర్లే ఉంచండి. రెండు పక్కల నుంచీ మధ్యకు చెయ్యి అందకపోతే మడి తొక్కుతారు, తొక్కిన చోట గింజ మొలవదు. మడుల మధ్య దారి అరమీటరు. చదరపు మీటరుకు రెండు మూడు కిలోల మాగిన పశువుల ఎరువు కలపండి. మాగిందో లేదో ముక్కే చెబుతుంది, పేడ వాసన ఉంటే ఇంకా కాలేదు. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు దానితోపాటే వస్తాయి.

తోటకూర గింజ మరీ సన్నం. చెంచా గింజలకు పది చెంచాల పొడి ఇసుక కలిపి చల్లితే గుబురుగా ఒకేచోట పడవు. పైన పల్చగా మట్టి కప్పి, బక్కెట్టుతో కుమ్మరించకుండా చిల్లుల డబ్బాతో తడపాలి. వారం దాటినా మొలకలు కనబడకపోతే గింజను అనుమానించే ముందు చీమల్ని చూడండి. వరుసగా మోసుకుపోతుంటాయి. మడి చుట్టూ కాస్త నూక చల్లితే వాటి దృష్టి అటు మళ్లుతుంది. ధనియాలను రెండు బద్దలుగా నలిపి విత్తాలి, పిల్లలకు ఇది చెప్పకపోతే సగం మొలవవు. పాలకూర, మెంతి, కొత్తిమీర అక్టోబరు నుంచి జనవరి దాకా హాయిగా పెరుగుతాయి. ఎండ ముదిరాక వేస్తే ఆకు పట్టకముందే పూతకు పోతాయి.

బెండకు ఒక్కటే చిక్కు, సెలవులు. రోజు విడిచి రోజు కోయకపోతే కాయ ముదిరిపోతుంది, ముదిరిన కాయలు చెట్టు మీద ఉంటే కొత్త పూత తగ్గుతుంది. దసరా సెలవుల్లో కోసేవాళ్లుండరు. జూన్ 15–20 మధ్య 45 × 30 సెంటీమీటర్ల ఎడంతో విత్తితే ఆగస్టు మొదట్లో కాపు మొదలై సెప్టెంబరు చివరికి ముగుస్తుంది. జూలై నెలాఖరున విత్తిన బెండ సరిగ్గా దసరాకు కాపు మీద ఉంటుంది. ఆకుల ఈనెలు పసుపుపచ్చగా వల వేసినట్టు మారితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్, మందు లేదు. ఆ మొక్కను పీకి పారేయాలి. తట్టుకునే రకం వేస్తే ఈ బెడద తక్కువ.

వంగ మొక్కలో పై కొమ్మ ఒక్కటే వాలిపోయి కనిపిస్తే నీళ్లు చాలక అనుకుని ఇంకో చెంబు పోస్తారు. ఆ కొమ్మను తుంచి నిలువునా చీల్చి పిల్లలకు చూపించండి. లోపల సన్నని సొరంగం, అందులో లేత గులాబీ రంగు పురుగు, వెనక అది వదిలిన పొట్టు ఉంటాయి. కొమ్మ, కాయ తొలిచే పురుగు ఇదే. వాలిన కొమ్మల్ని వారానికి రెండుసార్లు వాలిన చోటికి అంగుళం కిందకు కత్తిరించి కాల్చేయడమే బడి తోటకు తగిన మందు.

పిచికారీ తప్పదనుకుంటే వేపగింజల కషాయం: అరకిలో వేపగింజల పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, కాస్త సబ్బుపొడి కలిపి 10 లీటర్లు చేయాలి. పిల్లలు ఇళ్లకు వెళ్లాక పెద్దవాళ్లే కొట్టాలి. రసాయన మందుల డబ్బా బడి గేటు లోపలికి రాకూడదు. బలానికి జీవామృతం చాలు. ఎకరానికి 200 లీటర్లు కలిపే కొలతను పదో వంతు చేసుకోండి: 20 లీటర్ల నీళ్లకు కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో రెండు రోజులు ఉంచి పొద్దున, సాయంత్రం కలియబెట్టాలి.

ఇక వేసవి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవగానే కొత్తగా ఏమీ విత్తవద్దు. ఏప్రిల్లో చివరి ఆకు కోసేసి, మడులు బాగా తడిపి, పారదర్శక పాలిథిన్ పరిచి అంచులు మట్టితో మూసేయండి. మే నెల ఎండ కలుపు గింజల్ని, తెగుళ్లను ఉడకబెట్టేస్తుంది. సెలవులు ఇలా తోటకే పనికొస్తాయి.

సంచులు, డబ్బాలు

పట్నంలో అద్దె భవనంలో నడిచే బడులకు, ముందంతా సిమెంటు పరిచిన ఆవరణలకు వేరే దారి లేదు. ఎర్రమట్టి, మాగిన ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలపాలి. కొబ్బరిపొట్టును ముందు రెండుసార్లు నీళ్లలో కడిగి పిండితే ఉప్పు పోతుంది. ఆ పని ఎగ్గొడితే ఆకు అంచులు మాడతాయి. పుదీనా, కొత్తిమీర, మెంతి, పచ్చిమిరప వేసుకోవచ్చు. వంగ ఒక సంచికి ఒక్క మొక్కే.

డాబా ఎక్కించే ముందు బరువు లెక్క చూడండి. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు సంచి తడి మట్టితో 20–25 కిలోలు తూగుతుంది. పక్కపక్కన ఆనించి పెడితే చదరపు మీటరుకు తొమ్మిది పడతాయి, అంటే 180 నుంచి 225 కిలోలు. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణం లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకు 150 కిలోలు. కాబట్టి గోడల మీదుగా, దూలాల మీదుగా ఒక్క వరుసలో ఎడంగా పెట్టాలే తప్ప మధ్యలో నింపకూడదు. పాత భవనమైతే ఇంజనీరు చూసి సరేనన్నాకే. పిట్టగోడ లేని డాబా మీద తోట మాటే వద్దు, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

ఆదివారం ఒక్కరోజు నీళ్లు మానితే మార్చిలో సంచి వాడిపోతుంది. సంచి తోటకు పెద్ద జబ్బు ఇదే. ఎవరూ రాని శనివారం, ఆదివారం ఉన్న బడి మార్చిలోపే సంచులు ఖాళీ చేసుకోవడం మేలు. హైడ్రోపోనిక్స్, అంటే మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లలో మొక్కలు పెంచే సామాను అమ్మేవాళ్లు ఈ బళ్లకే ఎక్కువగా వస్తుంటారు. కరెంటు పోయి పంపు ఆగితే ఎండాకాలంలో కొద్ది గంటల్లోనే మొక్కలు తలవాలుస్తాయి, పోషక ద్రావణం కొలతలు రోజూ చూడాలి. తొమ్మిదో తరగతి ప్రాజెక్టుకు ఒక బక్కెట్టులో చేసి చూపించండి, తోటగా పెట్టుకోకండి.

పందిరి

మూడు నాలుగు మీటర్ల జాగాలో రెండు మీటర్ల ఎత్తు పందిరి వేస్తే ఐదారు పాదులు పడతాయి. కింద నీడ వస్తుంది, అక్కడే క్లాసు పెట్టుకోవచ్చు. సైన్సు టీచరుకు మాత్రం ఇదే బంగారం. గుమ్మడి, సొర, బీర తీగల మీద మగపువ్వు, ఆడపువ్వు వేరువేరుగా పూస్తాయి. ఆడపువ్వు కింద వేలెడంత పిందె ముందే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసి చెప్పేది ఇక్కడ చేత్తో పట్టుకుని చూడొచ్చు. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది కాబట్టి ప్రార్థన అవగానే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దించవచ్చు. సొర సాయంత్రం విచ్చుతుంది, అది గురుకులాలకు, కస్తూర్బా విద్యాలయాలకే కుదురుతుంది. అద్దిన పువ్వుకు దారం కట్టి తేదీ రాయించండి. పిందె నిలిచిందా రాలిందా పిల్లలే లెక్క పెట్టుకుంటారు.

పందిరి చిక్కుడు జూలై, ఆగస్టుల్లో వేయాలి. నాటు రకాలు పగలు పొట్టిగా అయ్యాకే పూస్తాయి. జనవరి తర్వాత వేస్తే తీగ పందిరంతా అల్లుకుంటుంది, కాయ మాత్రం ఉండదు. దొండను కొమ్మలు నాటి ఒకసారి పట్టిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. తీగ బచ్చలి కంచె మీదకు ఎక్కించినా చాలు, దానంత మొండి ఆకుకూర ఇంకోటి లేదు. బీర, కాకర పిందెలు వంకరపోయి కుళ్లి రాలుతుంటే పండు ఈగ కుట్టింది. రాలినవాటిని అక్కడే వదలకుండా ఏరి లోతుగా పాతిపెట్టండి.

చెట్లు

పిల్లల పని తక్కువ, కాబట్టి చెట్లొక్కటే పెట్టి తోట అయిపోయిందనుకోవద్దు. కానీ ఒక్క టీచరు ఉన్న బడికి, నీళ్లు కరువైన ఊరికి ఇవే శరణ్యం. రెండు మునగలు, రెండు కరివేపాకులు, చేతులు కడిగే చోట ఒక అరటి, గట్టు మీద ఒక బొప్పాయి.

మునగను మీటరు ఎత్తులో తల తుంచాలి. లేకపోతే నిటారుగా పోయి ఆకు ఎవరికీ అందదు, దాని కొమ్మ పెళుసు కాబట్టి పిల్లల్ని ఎక్కనివ్వకూడదు. వానాకాలంలో మొదలు మీద బొచ్చు గొంగళి పురుగులు గుంపులుగా చేరతాయి. తాకితే దద్దుర్లు. తరగతి గది కిటికీ పక్కన మునగ నాటొద్దనడం ఇందుకే. బొప్పాయి మొదట్లో రెండు రోజులు నీళ్లు నిలిస్తే చచ్చిపోతుంది, మట్టి గుట్ట చేసి దానిమీద నాటండి. కంచాలు తోమిన సబ్బునీళ్లు అరటికి పర్వాలేదు, ఆకుకూర మడికి మళ్లించకండి.

మొలకల జాడీలు

ఒక్క గది బడికైనా కుదిరేది. పెసలు 8 గంటలు నానబెట్టి, గుడ్డలో కట్టి లేదా సీసాలో వేసి మూతికి గుడ్డ కట్టి, పూటకోసారి కడిగి వంపేస్తే రెండో రోజుకు మొలకలు. జిగటగా ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా పారేయాలి. చిన్నపిల్లలకు పచ్చివి పెట్టకుండా ఐదు నిమిషాలు ఆవిరి పట్టి, నిమ్మరసం పిండి ఇవ్వండి.

ఎవరికి ఏది

ప్రహరీ, బోరు, 60 మందికి పైగా పిల్లలు, పని పంచుకునే ఇద్దరు టీచర్లు ఉంటే నేల మడులు. మొదటి ఏడాది నాలుగు మడులతో ఆగండి. పన్నెండుతో మొదలుపెట్టిన బడి సెప్టెంబరుకు కలుపు దిబ్బ అవుతుంది.

కోతుల ఊరైతే గోంగూర, పుదీనా, కరివేపాకు, మునగ. ఇనుప జాలీకి డబ్బు పెట్టేముందు ఊళ్లో పెరటి తోటలు ఉన్నవాళ్లను అడగండి, ఏ పంట మిగులుతుందో వాళ్లకే తెలుసు.

హాస్టల్ బడికి పందిరి, మడులు కలిపి. ఉదయం, సాయంత్రం పిల్లలు అక్కడే ఉంటారు.

పట్నపు ఇరుకు బడికి పది సంచులు, జాడీలు. అంతకు మించి వద్దు.

ఒకే టీచరు ఉన్న బడికి చెట్లు, ఒక తీగ బచ్చలి, ఒకే ఒక గోంగూర మడి. గోంగూర నీళ్ల ఎద్దడిని తట్టుకుంటుంది, తుంచిన కొద్దీ చిగురిస్తుంది, ఇంట్లో తినని పిల్లవాడంటూ ఉండడు.

ఏది ఎంచుకున్నా రెండు కట్టుబాట్లు ముందే రాసిపెట్టుకోండి. తోట పని శిక్షగా వేయకూడదు, ఆలస్యంగా వచ్చినవాడి చేత కలుపు తీయిస్తే తోటంటేనే మంట పుడుతుంది. నీళ్లు మోయడం, ఊడవడం ఆడపిల్లలకు, గునపం మగపిల్లలకు అని పంచకూడదు. వారం వారం జట్లు మారాలి. గుంతలు తవ్వడం, కంచె వేయడం లాంటి బరువు పనులు పెద్దవాళ్లవి. లేకపోతే "పిల్లల్ని కూలికి పంపామా" అని తల్లిదండ్రులు అడుగుతారు, అడగడం న్యాయమే.

కోసిన ఆకు కంచంలోకి

చాలా తోటలు వంట గది గుమ్మం దగ్గరే ఓడిపోతాయి. మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీ అక్క పొద్దున వచ్చి పొయ్యి వెలిగించాక, పదకొండు గంటలకు తట్టెడు మట్టి ఆకు తెచ్చిపెడితే ఆమె ఏం చేస్తుంది? ఏ రోజు ఎంత వస్తుందో ముందురోజే చెప్పాలి. కోత పొద్దున బడి మొదలవకముందే అయిపోవాలి. తూకం వేసి పుస్తకంలో రాయడం నాలుగో తరగతి పని. ఆకు గిల్లడం చిన్నవాళ్లది, కత్తిపీట ఎవరి చేతికీ ఇవ్వొద్దు. వెడల్పాటి టబ్బులో ఆకు ముంచి పైకి తీయాలి, నీళ్లు వంచి మళ్లీ పోయాలి. టబ్బు అడుగున ఇసుక కనబడనంత దాకా, మామూలుగా మూడుసార్లు.

ఆ రోజు కోత రెండు కిలోలకు మించకపోతే బడి మొత్తానికి పప్పులో కలపకండి, ఎవరి నాలుకకూ తెలియదు. ఒక్క తరగతికి వేపుడు చేయించి చెంచాడేసి పెట్టండి. తోటకూర వేపుడు ఒక గిన్నెలో, అదే తోటకూర కందిపప్పులో వేసి ఇంకో గిన్నెలో పెట్టి ఏది నచ్చిందో చెయ్యెత్తమనండి. గెలిచిన గిన్నె వచ్చే వారం వంట గదికి వెళ్తుంది.